స్లైడ్ మీద మూడు పేర్లున్నాయి, ఇంతకీ ఈ 9 ఎం.ఎం. పిస్టల్ ఎవరిది?

శ్రీను_బొబ్బిలి | ఆదివారం, రాత్రి 9:42

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ చదవడమే తప్ప రాయలేదు, ఇదే మొదటి పోస్టు. పోయిన వారం ఇంట్లోవాళ్లతో ఉత్తరాది టూరు వెళ్లినప్పుడు ఒక సైనిక మ్యూజియంలో గాజు పెట్టెలో పిస్టల్ ఒకటి చూశాను. ఫొటో తీయనివ్వలేదు, స్లైడ్ (పిస్టల్ మీద ముందుకీ వెనక్కీ జరిగే పై భాగం) మీదున్నది ఫోన్‌లో రాసుకున్నా: "బ్రౌనింగ్-ఎఫ్ఎన్ 9 ఎం.ఎం. హెచ్.పి., ఇంగ్లిస్, కెనడా".

బ్రౌనింగ్ అంటే తుపాకులు కనిపెట్టిన అమెరికా ఆయన. ఎఫ్ఎన్ అంటే బెల్జియం కంపెనీ. హెచ్.పి. అంటే హై-పవర్, మోడల్ పేరు. మధ్యలో కెనడా ఎందుకొచ్చింది? గైడ్‌ని అడిగితే "ఇది ఇంగ్లిష్ పిస్టల్ సార్" అని తేల్చేశాడు. ఇంగ్లిస్‌ని ఇంగ్లిష్ అని చదివేసుకున్నట్టున్నాడు. ఇంతకీ ఇది ఎవరి పిస్టల్? మన ఆర్మీ వాడేది ఇదేనా?

ఆర్మరర్_మూర్తి | ఆదివారం, రాత్రి 10:15

శ్రీను, మన దగ్గర వాడేది దాని తమ్ముడే. కాగితాల్లో పేరు "పిస్టల్ ఆటో 9 ఎం.ఎం. 1ఎ". బెంగాల్లో ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో తయారు. నువ్వు చూసిన కెనడా మోడల్‌కి నకలు. నేను జిల్లా ఆర్మ్‌డ్ రిజర్వులో ఆర్మరర్‌గా (ఆయుధాలు బాగుచేసేవాడిగా) చేసి రిటైరయ్యాను. బెల్ ఆఫ్ ఆర్మ్స్‌లో (ఆయుధాల గదిలో) వీటిని ఎన్నిసార్లు విప్పి బిగించానో లెక్కలేదు. మేం దాన్ని బ్రౌనింగ్ అని ఎప్పుడూ అనలేదు, "నైన్ ఎం.ఎం." అంతే. మూడు పేర్ల సంగతి చరిత్ర చదివినవాళ్లు చెప్పాలి.

ఇనుప_పిచ్చి | ఆదివారం, రాత్రి 11:58

నన్నే పిలిచినట్టుంది. పొడుగ్గా ఉంటుంది, ఓపిక చేసుకోండి.

మొదటి ప్రపంచ యుద్ధం అయ్యాక ఫ్రాన్స్ సైన్యానికి కొత్త పిస్టల్ కావాలి. వాళ్లు అడిగినవి: కనీసం 10 గుళ్లు పట్టాలి, బరువు కిలో దాటకూడదు, హ్యామర్ (తూటాని పేల్చే వెనక సుత్తి) బయటికి కనిపించాలి, మ్యాగజైన్ (పిడిలో పెట్టే గుళ్ల పెట్టె) తీసేస్తే పేలకూడదు, విప్పడం తేలిగ్గా ఉండాలి. అప్పటికి అమెరికా వాళ్ల 1911 పిస్టల్‌లో పట్టేవి 7, జర్మన్ లూగర్‌లో 8. పది అంటే ఎక్కువే.

బెల్జియంలో లియేజ్ పక్కన హెర్‌స్టాల్‌లోని ఎఫ్ఎన్ కంపెనీ ఈ పనిని జాన్ బ్రౌనింగ్‌కి చెప్పింది. ఆయనకి, ఆ కంపెనీకి 1890ల చివరి నుంచీ సంబంధం. ఆయన పిస్టళ్లు వాళ్లు ఎన్ని లక్షలు అమ్మారంటే, ఫ్రెంచ్‌లో "బ్రౌనింగ్" అంటే జేబు పిస్టల్ అనే అర్థం స్థిరపడింది, మనం జిరాక్స్ అన్నట్టు.

బ్రౌనింగ్‌కి అసలు అన్ని గుళ్లు అక్కర్లేదనే అభిప్రాయం. అందుకని ఎఫ్ఎన్‌లోనే పనిచేసే డ్యూడొనే సేవ్ అనే ఆయన ముందుగా మ్యాగజైన్ తయారు చేశాడు. గుళ్లు ఒకదాని మీద ఒకటి కాకుండా అటూ ఇటూ రెండు వరుసల్లో సర్దుకుంటాయి, పైకొచ్చేసరికి ఒకటే వరుస అవుతుంది. గుడిలో రెండు క్యూలు గర్భాలయం ముందు ఒకటైనట్టు. ఈ మ్యాగజైన్ చుట్టూ బ్రౌనింగ్ అమెరికాలో యూటాలో రెండు నమూనాలు చేసి, 1923 జూన్‌లో పేటెంట్‌కి పెట్టాడు. అది 1927 ఫిబ్రవరిలో మంజూరైంది. అప్పటికి ఆయన లేడు. 1926 నవంబర్ 26న లియేజ్‌లో, ఆ ఫ్యాక్టరీలోనే, కొడుకు వాల్ ఆఫీసు గదిలో గుండె ఆగి పోయాడు. 71 ఏళ్లు.

చిక్కు ఇంకోటి కూడా ఉంది. 1911 పిస్టల్ బ్రౌనింగ్ కనిపెట్టిందే అయినా హక్కులు కోల్ట్ కంపెనీకి అమ్మేశాడు. కాబట్టి ఇక్కడ తన ఆలోచనల్నే తను వాడుకోకూడదు! ఆ పేటెంట్లు 1928లో గడువు తీరిపోయాయి. అప్పుడు సేవ్ కూర్చుని కోల్ట్‌లోని మంచిని ఇందులోకి తెచ్చాడు. మొదట 16 గుళ్లు అనుకున్నది 1930లు వచ్చేసరికి 13కి తగ్గించి, పిడి వెనకభాగం చేతికి ఒదిగేట్టు వంపు తిప్పారు. 1935లో బెల్జియం సైన్యం తీసుకుంది.

ఇంత చేయించిన ఫ్రాన్స్ మాత్రం తీసుకోలేదు. చివరికి 8 గుళ్ల సొంత పిస్టల్ ఒకటి పెట్టుకుంది, అదీ చిన్న 7.65 తూటాతో. పెళ్లిచూపులు ఒకరితో, తాళి ఇంకొకరికి.

కెనడా కథ రేపు. నిద్రొస్తోంది.

సందేహాల_సుబ్బు | సోమవారం, ఉదయం 7:20

అంటే బ్రౌనింగ్ సగంలో వదిలేసిన ఫైల్‌ని సేవ్ చేసి పెట్టింది సేవే అన్నమాట 😄

ఒక డౌటు. గాంధీ గారిని కాల్చింది ఈ పిస్టల్‌తోనేనా? మా ఊళ్లో ఒకాయన గట్టిగా వాదించాడు.

ఇనుప_పిచ్చి | సోమవారం, ఉదయం 8:05

కాదు సుబ్బూ. అది ఇటలీ బెరెట్టా, 1934 మోడల్, .380 తూటా. ఆ ఊరాయన బహుశా సరయేవో హత్యతో కలిపేసి ఉంటాడు. 1914లో ఆస్ట్రియా యువరాజుని కాల్చింది ఎఫ్ఎన్ చేసిన బ్రౌనింగ్ 1910 మోడల్‌తో. అది ఇంకో పిస్టల్, ఇంకో కథ. హై-పవర్ అప్పటికి పుట్టలేదు.

పద్మజ_మెకానికల్ | సోమవారం, మధ్యాహ్నం 1:30

ఇనుప పిచ్చి గారూ, కథ బాగుంది. కానీ పిస్టల్ లోపల ఏముందో చెప్పకుండా ఎవరిదో తేల్చలేం. నేను తుపాకులు కాల్చే మనిషిని కాదు, పాలిటెక్నిక్‌లో మెకానిజమ్స్ చెప్తాను. పిల్లలకి క్యామ్ (తన వాలుతో ఇంకో భాగాన్ని కదిలించే ఏర్పాటు) అంటే ఏమిటో చూపించడానికి దీని బొమ్మ వాడతాను (పైవాళ్లకి చెప్పకండి).

9 ఎం.ఎం. తూటా పేలినప్పుడు లోపల ఒత్తిడి చాలా ఎక్కువ. గుండు బారెల్ దాటేదాకా వెనక తలుపు తెరుచుకోకూడదు. అందుకని బారెల్ పైనున్న గాట్లు స్లైడ్‌లోని గాడుల్లో ఇరుక్కుని ఉంటాయి. పేలగానే బారెల్, స్లైడ్ రెండూ కలిసి కొన్ని మిల్లీమీటర్లు వెనక్కి వెళ్తాయి. ఆ లోపు గుండు బయటపడిపోతుంది, ఒత్తిడి పడిపోతుంది. అప్పుడు బారెల్ వెనక భాగం కిందికి వంగి గాడుల్లోంచి విడిపోతుంది, స్లైడ్ ఒక్కటే వెనక్కి పోతూ ఖాళీ తూటాని బయటికి విసిరేస్తుంది.

ఈ వంగడం ఎలా? 1911లో బారెల్ కింద ఒక చిన్న లింకు, రెండు కన్నాల ముక్క, ఊయల గొలుసులా ఊగుతూ బారెల్‌ని కిందికి లాగుతుంది. చిన్న ముక్క, చిన్న పిన్ను, అరుగుతుంది. హై-పవర్‌లో లింకే లేదు. బారెల్‌తో ఏకంగా ఉన్న ఇనుప దిమ్మకి వాలుగా గాడి కోశారు, అదే క్యామ్, అది ఫ్రేములోని అడ్డకడ్డీ మీద జారి బారెల్‌ని దించుతుంది. ఒక భాగం తగ్గింది, విరిగేది తగ్గింది. తర్వాత వచ్చిన సిగ్, చెక్ వాళ్ల సి.జెడ్., గ్లాక్ అన్నీ ఈ దారే పట్టాయి. ఇది బ్రౌనింగ్ తెలివి, ఆయన పేటెంట్‌లోనే ఉంది.

ఇప్పుడు రెండో సంగతి. 1911లో ట్రిగ్గర్ నేరుగా వెనక్కి జరుగుతుంది, దాని చట్రం మ్యాగజైన్‌కి రెండువైపులా వెళ్తుంది. మ్యాగజైన్ లావైపోతే ఆ చట్రం పెట్టడానికి పిడిలో చోటు లేదు. అందుకని ఇక్కడ ట్రిగ్గర్ ఒక చిన్న మీటని పైకి తోస్తుంది, ఆ మీట స్లైడ్‌లోనే ఉన్న ఇంకో అడ్డకర్రని తోస్తుంది, దాని రెండో కొస సియర్‌ని (హ్యామర్‌ని పట్టి ఆపే కొక్కేన్ని) నొక్కుతుంది, అప్పుడు హ్యామర్ పడుతుంది. అంటే వంటింట్లో లైటు వెయ్యడానికి మేడ మీదకెళ్లి దిగి రావడం. అందుకే దీని ట్రిగ్గర్ 1911 అంత తేటగా ఉండదు. కానీ అందులోనే ఒక లాభం ఉంది: స్లైడ్ వెనక్కి జరిగిందంటే అడ్డకర్ర మీట మీంచి తప్పుకుంటుంది, కాబట్టి బారెల్ గట్టిగా మూసుకోకుండా పేలే ప్రమాదం లేదు. దానికోసం వేరే భాగం అక్కర్లేదు.

నా లెక్కలో ఈ పిస్టల్‌ని ఈ పిస్టల్‌గా చేసింది లావు మ్యాగజైన్. మిగతావన్నీ దాని చుట్టూ సర్దుకున్నవే. మ్యాగజైన్ ఎవరిది? సేవ్‌ది. మరి పేరెవరికి వచ్చింది?

ఇనుప_పిచ్చి | సోమవారం, సాయంత్రం 6:10

పద్మజ గారూ, అడ్డకర్ర వివరణకి దండం. కానీ చివరి మాట ఒప్పుకోను. ఇల్లు కట్టిన మేస్త్రీ ఒకరు, గదులు పెంచినవారు ఒకరు. తాళం వేసే పద్ధతి, స్లైడ్, వెనక్కి జరిగి వంగే బారెల్, ఇవి లేకపోతే లావు మ్యాగజైన్ దేనికి పెడతారు?

పద్మజ_మెకానికల్ | సోమవారం, సాయంత్రం 6:42

1923 పేటెంట్ బొమ్మ ఒకసారి చూడండి. బయటికి కనిపించే హ్యామరే లేదు, లోపల స్ట్రైకర్ (స్ప్రింగుతో ముందుకి దూకి తూటాని పొడిచే కడ్డీ). ఫ్రెంచి వాళ్లు అడిగిందేమో హ్యామర్! 1935లో బయటికొచ్చిన పిస్టల్‌ని ఆ బొమ్మ పక్కన పెడితే అన్నదమ్ముల్లా కూడా ఉండవు, మేనమామ పోలిక ఉందంటారు చూశారా, అలా ఉంటాయి. ఆయన పోయాక తొమ్మిదేళ్లు ఇంకొకరు దాని మీద కూర్చున్నారు. మధ్యలో ఎఫ్ఎన్ వాళ్లే 1928 నమూనాకి సేవ్-బ్రౌనింగ్ అని ఇద్దరి పేర్లూ పెట్టారు కదా. అమ్మకానికి వచ్చేసరికి ఒక పేరు రాలిపోయింది. ఎందుకంటే బ్రౌనింగ్ అంటే సరుకు కదులుతుంది.

సందేహాల_సుబ్బు | సోమవారం, సాయంత్రం 6:50

పాప్‌కార్న్ తెచ్చుకున్నా.

మాధవరం_హవల్దార్ | సోమవారం, రాత్రి 8:25

పశ్చిమ గోదావరి మిలిటరీ మాధవరం నుంచి. మా ఊళ్లో ఇంటికొకరు ఫౌజీ కాబట్టి అరుగు మీద ఇలాంటి కబుర్లకి కరువు లేదు. నేను కోత్‌లో (ఆయుధాల గదిలో) ఎన్.సి.ఓ.గా, అంటే ఆఫీసర్ కింది హోదాలో, కొన్నేళ్లు చేశాను. జవాన్ల చేతికి పిస్టల్ తక్కువ. ఆఫీసర్లకి, ట్యాంకుల వాళ్లకి, అలాంటివారికి ఇస్తారు.

బొమ్మల్లో కనిపించని సంగతి ఒకటి చెప్తా. ఫ్రెంచి వాళ్లు మ్యాగజైన్ తీస్తే పేలకూడదన్నారని రాశారు కదా. దాని బాధ మేం పడ్డాం. "ఖాలీ కర్" అనగానే మ్యాగజైన్ తియ్యాలి, స్లైడ్ లాగి చాంబర్ (తూటా కూర్చునే చోటు) చూపించాలి, స్లైడ్ వదలాలి. ఇప్పుడు హ్యామర్ ఎక్కి ఉంది. ట్రిగ్గర్ నొక్కి దించుదామంటే పడదు, ఎందుకంటే మ్యాగజైన్ లేదు! మళ్లీ ఖాళీ మ్యాగజైన్ పెడితే గానీ ట్రిగ్గర్ పనిచేయదు. కొత్తవాడు కంగారులో గుళ్లున్న మ్యాగజైన్ పెట్టాడో, ఇక చూస్కోండి. అందుకే పక్కన ఒకడు కళ్లప్పగించి నిలబడాల్సిందే. భద్రత కోసం పెట్టిందే టెన్షన్ పెట్టేది.

ఆర్మరర్_మూర్తి | సోమవారం, రాత్రి 9:30

హవల్దార్ గారు చెప్పింది అక్షరాలా నిజం. ఇంకోటి: ఆ ఏర్పాటు ఒక చిన్న స్ప్రింగు ముక్క, ట్రిగ్గర్‌కి అతుక్కుని మ్యాగజైన్ ముఖాన్ని రాసుకుంటూ ఉంటుంది. అందుకే ట్రిగ్గర్ ఇసుకలో నడిచినట్టుంటుంది. బటన్ నొక్కినా మ్యాగజైన్ జారి కిందపడదు, చేత్తో లాగాలి. తర్వాతి కాలంలో ఎఫ్ఎన్ వాళ్లు మ్యాగజైన్ అడుగున ఎలకబోనులాంటి స్ప్రింగు పెట్టి దాన్ని బయటికి తన్నేలా చేశారని విన్నాను. మా దగ్గరికి అలాంటివి రాలేదు.

ఇంకా మొబిలైజేషన్ (ఏటా అందరికీ ఇచ్చే శిక్షణ) ఫైరింగ్ రోజుల్లో ప్రతి ఏడూ ఇద్దరు ముగ్గురు చెయ్యి పట్టుకుని వచ్చేవారు. పిడి మరీ పైకి పట్టుకుంటే స్లైడ్ వెనక్కొచ్చేటప్పుడు హ్యామర్ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చర్మాన్ని పటకారులా కొరుకుతుంది. లావు చేతులవాళ్లకి తప్పదు. సేఫ్టీ మీట కూడా చీమంత, బొటనవేలికి దొరకదు.

ఇన్ని చెప్పి తిడుతున్నానుకోకండి. చేతిలో పెట్టుకుంటే మాత్రం అంత ఒద్దికగా ఉన్న పిస్టల్ నేను చూళ్లేదు. 13 గుళ్లు ఉన్నాయంటే నమ్మబుద్ధి కాదు.

మోడరేటర్ | సోమవారం, రాత్రి 10:02

ఇద్దరు కొత్త సభ్యులు ఇక్కడ "ఎక్కడ దొరుకుతుంది, రేటెంత" అని అడిగారు, ఆ పోస్టులు తీసేశాను. 9 ఎం.ఎం. మన దేశంలో పౌరులకి ప్రొహిబిటెడ్ బోర్, అంటే నిషేధించిన తూటా సైజు. ఇక్కడ చరిత్ర, ఇంజినీరింగ్ మాత్రమే. కొనసాగించండి.

టొరంటో_కిరణ్ | మంగళవారం, ఉదయం 6:15

అబ్బా, ఈ థ్రెడ్ ఎలా మిస్సయ్యాను! శ్రీనూ, నీ కెనడా ప్రశ్నకి నేను దాదాపు ఎదురుగా కూర్చుని జవాబు రాస్తున్నా. ఇంగ్లిస్ అంటే జాన్ ఇంగ్లిస్ అండ్ కంపెనీ, టొరంటోలో స్ట్రాకన్ అవెన్యూ దగ్గర ఉండేది. ఇప్పుడు ఆ చుట్టుపక్కలంతా లిబర్టీ విలేజ్, కాఫీ షాపులు, అపార్ట్‌మెంట్లు. మన తెలుగు కుర్రాళ్లు బోలెడుమంది అద్దెకుంటారు, కింద ఏముండేదో ఎవరికీ తెలీదు.

మొదట్లో బాయిలర్లు, భారీ యంత్రాలు చేసే కంపెనీ అది. రెండో యుద్ధంలో బ్రెన్ మెషిన్‌గన్లు చేసింది. అక్కడ పనిచేసిన వెరోనికా ఫాస్టర్ అనే అమ్మాయి ఫొటోలు "రానీ, ద బ్రెన్ గన్ గర్ల్" అని దేశమంతా ప్రచారానికి వాడారు. యుద్ధం అయ్యాక ఇదే కంపెనీ వాషింగ్ మెషిన్లకి దిగింది. ఇక్కడి ముసలివాళ్లకి ఇంగ్లిస్ అంటే బట్టల మెషినే, పిస్టల్ కాదు.

ఇనుప_పిచ్చి | మంగళవారం, ఉదయం 9:40

కిరణ్ గారు రంగం సిద్ధం చేశారు, మిగతాది నేను.

1940లో జర్మన్లు బెల్జియం ఆక్రమించగానే ఎఫ్ఎన్ ఫ్యాక్టరీ వాళ్ల చేతికి పోయింది. అదే పిస్టల్‌కి "640(బి)" అని నంబరు వేసి మూడు లక్షలకి పైగా తమ సైన్యానికి చేయించుకున్నారు. సేవ్ తప్పించుకుని ఇంగ్లండ్ చేరాడు.

అటు చైనాలో చాంగ్ కై-షేక్ సైన్యానికి యుద్ధానికి ముందే ఈ పిస్టల్ మీద మోజు. జపాన్‌తో పోరాడుతున్న చైనాకి కెనడా సాయం కింద లక్షా 80 వేల పిస్టళ్లు ఇవ్వాలనుకున్నారు. చెయ్యమని ఇంగ్లిస్‌కి చెప్పారు. చైనా వాళ్ల దగ్గరున్న బెల్జియం పిస్టళ్లని నమూనాగా తీసుకుని, కొలిచి, అంగుళాల లెక్కలో కొత్త డ్రాయింగులు గీసుకుని 1944లో మొదలుపెట్టారు. చైనాకి వెళ్లే వాటి వెనక సైట్‌కి (గురి చూసే ముక్కకి) 500 మీటర్ల దాకా అంకెలుంటాయి! పిస్టల్‌తో అర కిలోమీటరు. పిడికి కర్ర స్టాక్ తగిలించుకోవడానికి గాడి, ఆ కర్ర స్టాకే పిస్టల్ పెట్టుకునే ఒర కూడా. శ్రీనూ, నువ్వు చూసిన దానికి వెనక గాడి ఉందా?

1945లో యుద్ధం ముగిసేసరికి చైనా, బ్రిటన్, కెనడా సైన్యాలన్నిటికీ కలిపి లక్షన్నరకి పైగా చేశారు. అంటే ఒకే యుద్ధంలో ఒకే పిస్టల్ రెండు వైపులా. అదే చిత్రం 1982 ఫాక్‌లాండ్స్‌లోనూ జరిగింది. బ్రిటిష్ వాళ్ల దగ్గర హై-పవర్, అర్జెంటీనా వాళ్ల దగ్గర లైసెన్సు మీద రొసారియోలో చేసుకున్న హై-పవర్.

శ్రీను_బొబ్బిలి | మంగళవారం, ఉదయం 10:12

గాడి చూళ్లేదండీ, ముందు వైపు నుంచే చూశా. వెనక సైట్ మాత్రం చిన్నదే, అంకెలేమీ లేవు.

ఇనుప_పిచ్చి | మంగళవారం, ఉదయం 10:20

అయితే అది చైనా కోసం చేసింది కాదు, కెనడా-బ్రిటన్ సైన్యాల కోసం చేసిన మామూలు రకం. మనవాళ్లు నకలు తీసింది కూడా ఆ మామూలు రకానికే. కెనడా వాళ్లయితే ఆ యుద్ధకాలపు పిస్టళ్లనే దాదాపు ఎనభై ఏళ్లు వాడి మొన్న మొన్ననే సిగ్ పి320కి మారారు. బ్రిటన్ 2013లో గ్లాక్‌కి మారింది. ఎఫ్ఎన్ అసలు పిస్టల్ తయారీ 2017-18లో ఆపేసింది. 2022లో అదే పేరుతో తెచ్చింది లోపల వేరే డిజైను.

ఆర్మరర్_మూర్తి | మంగళవారం, మధ్యాహ్నం 2:45

నాదొక ప్రశ్న. ఈ డ్యూడొనే సేవ్ ఇంకేమైనా చేశాడా? పేరు ఎక్కడో తగిలినట్టుంది.

పద్మజ_మెకానికల్ | మంగళవారం, మధ్యాహ్నం 3:05

మూర్తి గారూ, మీకు తగలకపోతే ఇంకెవరికి తగులుతుంది! ఎఫ్ఎన్ వాళ్ల ఎఫ్ఏఎల్ రైఫిల్ ఆయనదే. దాని మన దేశపు రూపం 1ఎ1, మీరు ఎస్.ఎల్.ఆర్. (సెల్ఫ్ లోడింగ్ రైఫిల్) అంటారు. అదీ ఇషాపూర్‌దే.

ఆర్మరర్_మూర్తి | మంగళవారం, మధ్యాహ్నం 3:31

అరే.

ముప్పై ఏళ్లు నా ర్యాక్‌లో ఎస్.ఎల్.ఆర్.లు వరసగా నిలబడి ఉండేవి, పక్క బీరువాలో నైన్ ఎం.ఎం.లు. రెండింటికీ ఒకే పుల్‌త్రూ (బారెల్ తుడిచే తాడు) డబ్బా, ఒకే నూనె. ఇద్దరూ ఒకే ఇంటివాళ్లని తెలీదు. ఎస్.ఎల్.ఆర్. గ్యాస్ రెగ్యులేటర్ బిగుసుకుపోయినప్పుడల్లా ఎవరు చేశాడ్రా దీన్ని అని తిట్టుకునేవాణ్ణి. ఆయన్నే అన్నమాట.

మాధవరం_హవల్దార్ | మంగళవారం, మధ్యాహ్నం 3:50

ఎస్.ఎల్.ఆర్. భుజం మీద తన్నిన తన్ను ఇప్పటికీ గుర్తుంది. దానికీ ఆయనేనా బాధ్యుడు?

ఇనుప_పిచ్చి | మంగళవారం, సాయంత్రం 4:15

దానికి తూటాని నిందించాలి హవల్దార్ గారూ. ఎఫ్ఏఎల్ మొదట చిన్న తూటాలకి అనుకున్నది, నాటో 7.62 అనేసరికి పెంచారు.

పద్మజ గారూ, నిన్నటి నుంచి ఆలోచిస్తున్నా. సగం ఒప్పుకుంటున్నాను. సేవ్ పుట్టింది 1888లో, హెర్‌స్టాల్ పక్కనే వాండ్రే ఊళ్లో. ఫ్యాక్టరీ గోడ పక్క మనిషి. ఎఫ్ఏఎల్ తొంభై దేశాలు వాడాయంటారు, దాని మీదా ఆయన పేరు లేదు, కంపెనీ పేరే. ఆయన పేరు పెట్టిన ఆ 1928 నమూనా అమ్మకానికి రాలేదు. కానీ "సగం" అన్నాను, గుర్తుంచుకోండి. క్యామ్ బ్రౌనింగ్‌దే.

పద్మజ_మెకానికల్ | మంగళవారం, సాయంత్రం 4:22

క్యామ్ బ్రౌనింగ్‌దేనని మొదట రాసింది నేనేనండీ.

టొరంటో_కిరణ్ | బుధవారం, ఉదయం 5:50

సాయంత్రం నడకకి స్ట్రాకన్ వైపు వెళ్లొచ్చా. గార్డినర్ రోడ్డు మీంచి కనిపించేలా ఇంగ్లిస్ వాళ్ల పెద్ద బోర్డు ఉండేదట, దాని మీద రోజుకో మాట మార్చి రాసేవారట, మా ఇంటి ఓనరు చెప్పాడు. పిస్టల్ సంగతి చెప్తే ఆయన నమ్మలేదు. "మా అమ్మ దగ్గర ఇంగ్లిస్ మెషిన్ ఇరవై ఏళ్లు నడిచింది" అన్నాడు.

శ్రీను_బొబ్బిలి | బుధవారం, ఉదయం 8:30

అందరికీ థాంక్స్. మూడు పేర్లు అడిగితే నాలుగోది దొరికింది. మ్యూజియం వాళ్లకి మెయిల్ పెట్టా, గైడ్ "ఇంగ్లిష్ పిస్టల్" అంటున్నాడు, కొంచెం చూడండి అని. సేవ్ గురించి కూడా ఒక లైను రాశాను.

సందేహాల_సుబ్బు | బుధవారం, ఉదయం 8:34

రిప్లై వస్తే పెట్టు తమ్ముడూ. ఈలోగా నాకు లూగర్ మీద ఒక డౌటు. దాని మోకాలు ఎందుకలా పైకి లేస్తుంది?

మోడరేటర్ | బుధవారం, ఉదయం 8:40

సుబ్బు గారూ, కొత్త థ్రెడ్ తెరవండి.